మెడలో తువాలు

నన్ను మోసం చేయగల మొనగాడు ఇంకా పుట్టలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పే తీరు చూసి మనిషి గుట్టు చెప్పేస్తాను.

అందుకే మా వీధి చివర సెలూన్ నడిపే దువ్వెన ఏ పని చేసినా నన్ను అడిగే చేస్తాడు.

దువ్వెన అతని అసలు పేరు కాదు. నెత్తి మీద వెంట్రుక లేకపోయినా చెవి మీద ఎప్పుడూ దువ్వెన ఉంటుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు అతనికే గుర్తుండదు. మొన్న బ్యాంకులో ఆ పేరు పిలిస్తే, తను తేరుకుని లేచేలోగా ఇంకెవరో లేచి నిలబడ్డారట.

బ్యాంకుకు ఎందుకు వెళ్ళాడంటే, సెలూన్ ఉన్న గదిని యజమాని అమ్మకానికి పెట్టాడు. నెలాఖరులోగా కొనుక్కుంటే నీకే, లేదంటే మందుల షాపువాడికి అన్నాడు.

బ్యాంకువాళ్ళేమో నీ క్రెడిట్ స్కోరు పాతాళంలో ఉంది, అప్పు ఇవ్వం పొమ్మన్నారు.

"జన్మలో ఒక్క వాయిదా ఎగ్గొట్టలేదు బాబాయ్. స్కోరు ఎలా పడిపోయింది?" అన్నాడు దువ్వెన.

మేడ మీద కొత్తగా ఆఫీసు తెరిచినాయన చెవిన ఆ మాట పడింది. ఆయన మెరిసే బూట్లు గుమ్మం బయట ఒద్దికగా విప్పి, సెంటు వాసనతో లోపలికి వచ్చాడు. తాను స్కోరు డాక్టరునన్నాడు. ముందు ఫీజు కడితే పాత మచ్చలన్నీ వారంలో తుడిచేస్తానన్నాడు. ఈలోగా బ్యాంకుతో మాత్రం మాట్లాడవద్దన్నాడు.

బూట్లు చూసి నేను తల ఊపాను.

మర్నాడు ఒక కొత్త మనిషి వచ్చాడు. మాసిన చొక్కా. కుర్చీ ఖాళీగా ఉన్నా, డాక్టరు ఫీజు గురించి మేం మాట్లాడుకుంటుంటే వింటూ చాలాసేపు గుమ్మంలోనే తచ్చాడాడు. విప్పిన చెప్పు బోర్లా పడినా సరిచేసుకోలేదు.

నేను దువ్వెనకు కనుసైగ చేశాను.

గడ్డం గీయించుకుంటూ అతను మాట కలిపాడు. మేడ మీద ఆయనకు డబ్బు కట్టవద్దన్నాడు. నీ క్రెడిట్ రిపోర్టు నువ్వే ఉచితంగా తెప్పించుకోవచ్చు, అందులో తప్పుంటే నువ్వే రాసి పంపితే సరిచేస్తారు, దమ్మిడీ ఖర్చు లేదన్నాడు. నిజంగా ఎగ్గొట్టిన అప్పైతే ఏ డాక్టరూ తుడవలేడనీ, వేళకు కట్టుకుంటూ రావడమొక్కటే మందనీ చెప్పాడు.

కత్తి నెమ్మదించింది.

"ఇన్ని సంగతులు చెప్పినందుకు నీకేం ఇవ్వాలి?"

"ఏమీ వద్దన్నా."

ఏమీ వద్దనేవాణ్ణి ఎవరు నమ్ముతారు? డాక్టరు నయం, ఫీజైనా అడిగాడు.

"నా రిపోర్టులో తప్పుందని నీకెవరు చెప్పారు?"

అతను అద్దంలోకి చూడటం మానేశాడు.

"ఉంది. ఆ ఎగ్గొట్టిన అప్పు నీది కాదన్నా."

"నా అప్పుల సంగతి నీకెలా తెలుసు?"

అతను మెడలో తువాలు సవరించుకుంటూ గుమ్మం వైపు చూశాడు.

అంతే. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో ఉండగానే దువ్వెన అతన్ని రెక్క పట్టుకుని గుమ్మం దాటించాడు. మెడకు చుట్టిన తువాలుతోనే ఆ మనిషి వీధి మలుపు తిరిగిపోయాడు.

"తువాలు దొంగ కూడానురా," అన్నాను.

ఆ సాయంత్రమే దువ్వెన మేడెక్కి ఫీజు కట్టి వచ్చాడు.

వారం తిరక్కుండా మేడ మీద తాళం పడింది. డాక్టరు పోయాడు, సెంటు వాసన మాత్రం మెట్ల మీద మిగిలింది.

నన్ను మోసం చేయగల మొనగాడు ఆ మెట్లు దిగి వెళ్ళినవాడే. నేనూ కట్టాను మరి. నాకు జన్మలో అప్పన్నదే లేదు. అయినా ఒకసారి కడిగించుకుంటే స్కోరుకు నిగారింపు వస్తుందన్నాడు. కడిగించుకున్నాను.

నెలాఖరు ముంచుకొచ్చింది. ఏం చేయాలో తోచక దువ్వెన ఆ కొత్త మనిషి చెప్పినట్టే రిపోర్టు తెప్పించాడు. నిజమే, తానెన్నడూ తీసుకోని వాహనం అప్పు ఒకటి అందులో ఉంది. అది తనది కాదని రాసుకుని, నన్ను వెంటపెట్టుకుని బ్యాంకుకు వెళ్ళాడు.

కౌంటర్లో అమ్మాయి ఆ కాగితం అందుకోలేదు.

"అది సరిచేయించేశామండీ. మీకిప్పుడు అప్పు వస్తుంది."

"ఎవరు చెప్పారమ్మా?"

"ఆ రోజు మీ పేరు పిలిస్తే ఇంకొకాయన లేచారే, ఆయన. మీ పేరే, మీరు పుట్టిన తేదీనే. ఆయన పాత అప్పు పొరపాటున మీ ఖాతాలో పడింది. మీకు అప్పు రాదని చెప్పి పంపేయడం ఆ బెంచీ మీద కూర్చుని విన్నారు. తరవాత వచ్చి, ఆ అప్పు నాది, నా మీదే వేయండని రాసిచ్చారు."

"ఆయన బ్యాంకుకు ఎందుకొచ్చారు?"

"వ్యాను కొనుక్కోవడానికి. రికార్డు శుభ్రంగా ఉందని అప్పు ఇవ్వబోయాం. ఇప్పుడు కుదరదు కదండీ."

ఆ అమ్మాయి సొరుగులోంచి ఉతికి మడిచిన తువాలు తీసి, మీరు వస్తే ఇమ్మన్నారు అంది.

సగం గడ్డం సంగతి నా కల్పన. నిజానికి దువ్వెన రెండు చెంపలూ గీసి, డబ్బులు పుచ్చుకుని, ఆ తరవాతే అతన్ని వెళ్ళగొట్టాడు.

తువాలు మాత్రం నిజం.