రాతికాలువ బోనస్

"ముప్ఫై ఒకటి! ఇంకోటి పెట్టాడండీ మహానుభావుడు!"

డిజైనర్ కుర్చీ వెనక్కి తోసి లేచింది.

రెండేళ్ళు తిండీ నిద్రా మానుకుని ఆమె తయారుచేసిన కంప్యూటర్ ఆట అది. రాతియుగం నుంచి మొదలుపెట్టి నగరాలు కట్టుకుంటూ పోవాలి. మధ్యలో ఏదైనా మహాకట్టడం కడితే బోనస్ వస్తుంది. విడుదలకి ముందు తప్పులుంటే చెప్పమని వందమందికి ఉచితంగా ఇచ్చారు.

తొంభై తొమ్మిదిమంది ఒక్క తప్పూ చెప్పలేదు. అయిదేసి నక్షత్రాలిచ్చి చల్లగా ఊరుకున్నారు.

వందో మనిషి మాత్రం మూడు నెలలుగా ప్రాణం తోడేస్తున్నాడు. ఆఫీసంతా కలిసి ఆయనకి 'నస' అని పేరు పెట్టేశారు.

"సాయంత్రం అయిదింటికల్లా ఫిర్యాదులు సున్నా కావాలి," అన్నాడు మేనేజరు. "లేకపోతే పైవాళ్ళు ఆటని అటకెక్కిస్తారు. మనందర్నీ ఇంటికి పంపిస్తారు. తర్వాత నన్ననొద్దు."

"ఉన్న ముప్ఫై ఒకటీ ఈయనవే సార్! అవి తప్పులా? వట్టి పేచీలు!"

"పిలిపించు. నచ్చజెప్పి వెనక్కి తీసుకోమను."

ఆటలోంచే కబురు పంపింది. మూడింటికల్లా వచ్చేశాడాయన.

ఎవడో పనీపాటా లేని కుర్రాడనుకుంది. తీరా చూస్తే అరవై దాటిన మనిషి. చేతిలో నోటుపుస్తకం.

"ఆట మీరేనా ఆడేది?"

"నేనేనమ్మా. మా మనవరాలు తెచ్చుకుంది. ఒక్కపూట చూసి విసుగొచ్చి వదిలేసింది. నేను పట్టుకున్నాను."

"సరే. ఇంతకీ మీ బాధేంటండీ?"

ఆయన నోటుపుస్తకం తెరిచాడు.

"కొండమీంచి ఊళ్ళోకి మంచినీళ్ళు తెచ్చే రాతికాలువ కట్టానమ్మా. కట్టీ కట్టగానే జనాభా మూడు పెరిగింది. ఎలా పెరుగుతుంది?"

"బోనస్ సార్ అది."

"బోనసే, కాదనను. ఎందుకొచ్చింది అని అడుగుతున్నాను. మంచినీళ్ళొస్తే కొత్తగా మనుషులు ఊడిపడరుగా? రోగాలతో పోయేవాళ్ళు పోకుండా ఉంటారు. అదీ కాలువ చేసే మేలు. నా ఊళ్ళో అంటురోగం వచ్చింది. కాలువ ఉండి కూడా సగంమంది పోయారు. నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు."

"ఆటలో మనుషులండీ వాళ్ళు!"

"ఆటలోవాళ్ళే. కానీ నేను పెంచిన ఊరు కదమ్మా."

డిజైనర్ గడియారం చూసింది. ఆయన పేజీ తిప్పాడు.

"గ్రంథాలయం కడితే చదువు రెండింతలన్నారు. చుట్టూ ఇసుక తప్ప పురుగు లేనిచోట కట్టి చూశాను. అక్కడా రెండింతలే! పుస్తకాలెక్కణ్ణించొచ్చాయి? పూర్వం రేవులోకొచ్చిన ఓడల్లో పుస్తకాలుంటే తీసుకుని నకళ్ళు రాయించుకునేవారట. అలా పోగైంది చదువు. రేవో, బాటో ఉంటేనే ఆ బోనస్ రావాలి."

ఆయన చెప్పింది నిజమేనని ఆమెకి తెలుసు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"ఇవన్నీ మార్చాలంటే ఆర్నెల్లు పడుతుంది సార్. నాకున్నది రెండు గంటలు."

"ఆర్నెల్లయితే ఏం? నేనెక్కడికి పోతాను? ఆడుతూనే ఉంటాను."

"మీ ఒక్కరికోసం కాదండీ ఆట! మిగతా తొంభై తొమ్మిదిమందికీ లేని బాధ మీకెందుకు?"

"వాళ్ళకి రాలేదా ఈ అనుమానం?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఒక్కరికీ?"

"ఒక్కరికీ రాలేదు. మీ ఫిర్యాదులు వెనక్కి తీసుకోండి, మీకు దణ్ణం పెడతాను."

"తప్పుని తప్పు కాదని ఎలా రాయనమ్మా? ఇంత చక్కటి ఆట. ఈ కాస్త నలుసు తీసేస్తే..."

"ఇక చాలు. మీరు వెళ్ళిరండి."

ఆయన మొహం చిన్నబోయింది. తలుపుదాకా వెళ్ళి ఆగాడు.

"వీలుంటే లైట్‌హౌస్ కూడా చూడమ్మా. దీపం పెడితే ఓడ వేగం పెరగదు. రాళ్ళకి కొట్టుకోకుండా ఇల్లు చేరుతుంది, అంతే."

ఆమె అప్పటికే కంప్యూటరు వైపు తిరిగిపోయింది.

నాలుగున్నరకి ఆయన ఖాతా తెరిచింది.

తొలగిస్తే ఆట, ఫిర్యాదులు, ఫోను నంబరు అన్నీ పోతాయని, మళ్ళీ రావని కంప్యూటరు హెచ్చరించింది.

"పోనీ. పీడ విరగడవుతుంది," అని నొక్కేసింది.

ఫిర్యాదులు సున్నా.

మేనేజరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. పైవాళ్ళకి కబురు పంపాడు. పావుగంటలో జవాబొచ్చింది. ఆట విడుదల ఖాయం. ఆఫీసంతా చప్పట్లు కొట్టారు. రెండేళ్ళ తర్వాత ఆమె మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

"చిన్న పని మిగిలింది," అన్నాడు మేనేజరు. "వందమందీ కలిపి ఎన్ని గంటలు ఆడారో పంపమన్నారు. పోయినవారం నాలుగొందలు దాటింది కదా? ఆ అంకె కొట్టి పంపెయ్."

ఆమె ఆ పేజీ తెరిచింది.

మొత్తం పంతొమ్మిది గంటలు.

"ఇదేంటి? నాలుగొందలు పంతొమ్మిదెలా అయ్యాయి?" మేనేజరు వంగి చూశాడు. "ఏదో తప్పు నొక్కావు. మళ్ళీ చూడు."

మొత్తం తప్ప ఎవరెంత ఆడారో ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. ఆమె ఇప్పుడు ఒక్కొక్క పేరే తెరిచింది. ఒకరు పది నిమిషాలు. ఒకరు ఏడు. ఇంకొకరు పన్నెండు. అయిదు నక్షత్రాలతోపాటు 'అద్భుతం' అని కూడా రాసినావిడ నాలుగు. ఏ ఒక్కరూ రాతియుగం దాటలేదు.

ఆమె పోయిన ఖాతా కోసం వెతికింది. దొరకలేదు. కిందికి పరుగెత్తి గేటు దగ్గర సందర్శకుల పుస్తకం తిప్పింది. అందులో అర్థంకాని సంతకం తప్ప ఏమీ లేదు.

తిరిగొచ్చేసరికి మేనేజరు ఇంకా ఆ తెర ముందే ఉన్నాడు.

"మరి మిగతా గంటలన్నీ ఎవరివి?"

"ఆయనవి సార్," అందామె. "మన ఆట ఆడింది ఆయనొక్కడే."