మంగళవారం బండి

బండి హారన్ వినపడితే చాలు, భిలాయి ఉక్కు టౌన్‌షిప్ సెక్టర్ 2లో ఆ వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసేది.

ఆస్పత్రి బండి మరి. పక్షవాతంతో మంచం పట్టిన గణపతిరావు కోసం ప్రతి మంగళవారం నర్సు భాగ్యరేఖ ఇంటికే వచ్చేది. ఒళ్ళు తుడిచి, కాళ్ళూ చేతులూ ఆడించి, సాయంత్రం దాకా ఉండేది.

ఆ వేళ భాగ్యరేఖ వెనకాల ఇంకొకావిడ దిగింది. నేత చీర, భుజాన సంచి.

పెద్ద డాక్టరమ్మేననుకుని జోగమ్మ గబగబా మొగుడికి ఇస్త్రీ చొక్కా తొడిగింది. మనిషి తేరుకున్నట్టు కనపడాలి కదా, లేకపోతే బండి మానిపించేస్తే?

వచ్చినావిడ గణపతిరావుకి నమస్కారం పెట్టి, జోగమ్మ వైపు తిరిగింది.

"మీరెలా ఉన్నారమ్మా?"

"నాకేటి, రాయిలాగున్నాను. ఆయన్ని చూడండి."

"నిద్ర పడుతోందా?"

"జబ్బు ఆయనకైతే నన్నడుగుతారేటి?"

పక్కింటి కనకలత గుమ్మంలోంచే అందుకుంది.

"పిన్ని ఇప్పుడు మా జోరుగుంది దీదీ. పోయిన మంగళారం బండి రాగానే బస్సెక్కి భిలాయి-3 ఎల్లి మనవరాల్ని ఆడించొచ్చింది. పిల్ల పుట్టేక అదే మొదలు చూడ్డం."

జోగమ్మ గబుక్కున గుమ్మానికి అడ్డం వచ్చింది. రోగిని వదిలి ఊరు తిరుగుతోందని తెలిస్తే ఇంకేముంది, బండి బంద్.

"అబద్దం. నానెక్కడికీ ఎల్లలేదు. నువ్వు లోపలికి పోవే."

ఆవిడ నవ్వింది. "పాపకి పళ్ళొచ్చాయా?"

"కింద రెండు..." అనేసి జోగమ్మ నాలుక కరుచుకుంది.

అంతే, ఎక్కడలేని కోపం వచ్చింది.

"సాలమ్మా, ఇంక ఎల్లండి."

పొయ్యి మీద మరుగుతున్న టీ కూడా దించేసింది. ఆవిడకి ఒక్క గుక్క పోయలేదు.

ఇక వారమంతా ఒకటే దడ. మళ్ళీ హారన్ మోగుతుందా?

మోగింది. భాగ్యరేఖ పరుగున లోపలికొచ్చింది.

"బండి ఆగదమ్మా. ఆస్పత్రి మీటింగులో పోయిన వారం వచ్చినావిడే గెలిపించింది. ఆయన నడవలేదు కాబట్టి ఖర్చు దండగ అన్నారట అందరూ. ఆయన నడవకపోతేనేం, ఇంటావిడ భిలాయి-3 దాకా వెళ్ళొచ్చింది, అదెందుకు లెక్కలో వెయ్యరు అందట."

జోగమ్మ కాళ్ళు నేలమీద నిలవలేదు.

"కనకలతా, పాలట్టుకురాయే, చాయ్ పెట్టాల. ఆ డాక్టరమ్మ ఏదీ, బండిలో ఉండిపోయిందేటి?"

"నిన్ననే రైలెక్కేసిందమ్మా. ఆవిడ డాక్టరు కాదు."

"మరెవరు?"

"ఈ బండి దండగని తేల్చి ఆపించడానికి, పైవాళ్ళు పిలిపించిన మనిషి."