వానకు కాపలా

దక్షిణాన మబ్బు లేచింది. సురోతోకి గుండెల్లో రాయి పడింది.

జయసారి స్టేడియంలో పచ్చిక సాకేది అతనే. జావా దీవిలో ఆ స్టేడియం పేరు తెలియని మనిషి లేడు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఊరంతా ఇటుకలు మోసి కట్టుకున్న మైదానం. తొలి పచ్చిక నాటింది సురోతో నాన్నే. ఇప్పుడు నేల కింద వాననీళ్లు పోయే కాలువ పూడిపోయింది. గట్టి వాన పడితే చెరువే. మేయరు కన్ను ఆ స్థలం మీద ఎప్పుడో పడింది. ఇవాళ్టి ఫుట్‌బాల్ మ్యాచ్ వానకి ఆగిందా, స్టేడియం కూల్చి మాల్ కట్టేస్తారు.

కాలువ కోసం మునిసిపల్ ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగాడు. విన్న నాథుడు లేడు. చివరికి కొండ మీది ఊరికి కబురు పెట్టాడు, మంత్రం వేసి వానని పక్కకి తోసే తాతని పంపమని.

పొద్దున్నే గేటు దగ్గర ఓ ముసలాయన దిగాడు. మాసిన చొక్కా, భుజాన ఈనెల చీపురు. వానని తోసేవాళ్ల ఆయుధం అదేగా. సురోతో పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, నేను..."

"మాట్లాడకు తాతా. మౌనం చెడితే పట్టు పోతుంది. నీళ్లు కూడా ముట్టుకోకు. నాకన్నీ తెలుసు."

నీడలో కుర్చీ వేశాడు. వానాపే ఆచారం ప్రకారం చీపురుకి మిరపకాయలు, ఉల్లిపాయలు తనే గుచ్చి నిలబెట్టాడు. వేయించిన కోడి, లవంగం సిగరెట్లు ముందు పెట్టాడు. తాత ఓసారి మైదానం వైపు చూశాడు, ఓసారి కోడి వైపు. కూర్చున్నాడు.

గేటు కాసే వార్సితో అనే కుర్రాడు నవ్వాడు. "అన్నా, ఈయన వానేం ఆపుతాడు? తుమ్ము కూడా ఆపుకోలేనట్టున్నాడు."

"నోర్ముయ్. ఆయనకి చుక్క తగిలిందా, నీ తోలు తీస్తా."

మధ్యాహ్నం తాత లేచి మైదానం అంచుకి నడిచాడు. సురోతో ఎదురెళ్లి భుజాలు పట్టి వెనక్కి తెచ్చాడు. "అటంతా తడి తాతా." కాసేపటికి మళ్లీ లేచాడు. మళ్లీ తెచ్చాడు.

మ్యాచ్ మొదలైంది. మనవాళ్లు గోలు కొట్టారు. స్టేడియం ఊగిపోయింది. సురోతో మాత్రం ఆకాశాన్నే చూస్తున్నాడు. మబ్బు నల్లగా నెత్తి మీదికొచ్చింది. ఉరిమింది.

"తాతా, నీ కాళ్లు పట్టుకుంటా. కాస్త గట్టిగా తొయ్యి."

తాత సిగరెట్ పొగ వదిలాడు.

కుండపోత. పచ్చిక మునిగింది. రిఫరీ బంతిని ఎత్తి వదిలాడు. అది లేవలేదు, తేలింది. విజిల్ వేసి మ్యాచ్ రద్దు చేశాడు. పై వరసలో మేయరు గొడుగు విప్పుకుని నింపాదిగా దిగిపోయాడు.

సురోతో వెళ్లి తాత చొక్కా పట్టుకున్నాడు. "కోడి తిన్నావు, సిగరెట్లు తాగావు. ఇదా నీ విద్య? పొద్దుట్నుంచీ ఏం చేశావు?"

ముసలాయన మెల్లిగా చొక్కా విడిపించుకున్నాడు.

"ఏం చెయ్యనిచ్చావు బాబూ, ఆఫీసువాళ్లు కాలువ పూడిక తియ్యమని పంపితే పట్టుకుని కూర్చోబెట్టావు."