నలభయ్యో రోజు

ఆ శనివారం డేవిడ్ చేయాల్సిన పనులు: పుష్పమ్మత్త ఇంటికి పోయి బగారన్నం, వంకాయ కూర పొట్లాలు కట్టాలి. ఆ ముప్పై పొట్లాలూ చర్చి సంఘం తరఫున వనపర్తి పెద్ద దవాఖానలో, పేషెంట్ల వెంట వచ్చినవాళ్లకు పంచాలి. రేపటి ఈస్టరు ఆరాధనలో అందరి ముందు తన అనుభవంగా చెప్పబోయే సాక్ష్యం మనసులో ఒకసారి అనుకోవాలి. పొద్దు గూకేదాకా ఏమీ తినకూడదు.

చివరిదే కష్టం.

అది నలభై రోజుల ఉపవాసంలో నలభయ్యో రోజు. పొద్దంతా పస్తు, దీపాలు పెట్టినాకే భోజనం. కిందటేడు డేవిడ్ ఆరో రోజున మిర్చిబజ్జీ శోధనకు లొంగిపోయాడు. అంతకుముందేడు రెండో రోజునే, ఉత్త చాయ్ బిస్కెట్టుకు. ఈసారి నిలబడ్డాడు. సాక్ష్యానికి చర్చి అయ్యగారు అతని పేరు రాసుకున్నారు కూడా. మొదటి మాట కుదిరింది: "మా ఇంట్లో మొదట డిగ్రీ పాసైంది నేనే, మొదట నలభై రోజులు నిలిచిందీ నేనే." అనుకుంటుంటే అతనికే కళ్లు చెమర్చాయి.

ఉపవాసం రహస్యంగా ఉండాలని బైబిల్లో ఉంది. డేవిడ్ రహస్యంగానే ఉన్నాడు, అడిగినవాళ్ల దగ్గర తప్ప. అడగనివాళ్లకు అడిగే అవకాశం ఇచ్చాడు. హోటల్‌కు పోయి మరీ చాయ్ వద్దన్నాడు.

"మేము ముప్పై రోజులుంటం, చప్పుడు గాదు," అన్నాడు జిరాక్స్ షాపు జావేద్. "నువ్వొక్కనివే అన్నా, ఊరంత లొల్లి."

పొట్లాలు కడుతుంటే బగారన్నం వాసన ముక్కులోంచి నేరుగా కడుపులోకి దిగింది. వేళ్లకు కూర అంటింది. ఆ వేళ్లు పొరపాటున నోటి దగ్గరికి పోతాయేమోనని రెండుసార్లు సబ్బు పెట్టి కడిగాడు.

"మొఖమంత పీక్కపోయిందిరా. ఒక్క ముద్ద తింటే ఏమైతది?" అంది పుష్పమ్మత్త.

"శోధనలో పడేయకత్తా."

"నా వంకాయ కూర శోధననా! నిరుడు మూడుసార్లు ఏయించుకున్నప్పుడు ఏం పేరుండె దానికి?"

దవాఖానలో ఇరవై ఎనిమిది పొట్లాలు అరగంటలో అయిపోయాయి. ఆడవాళ్ల వార్డు బయట బెంచీ మీద కూర్చున్న ముసలాయనకు ఇంకొకటి ఇచ్చాడు. పేరు హన్మంతు. ఖిల్లా ఘణపూర్ దగ్గర వానను నమ్ముకున్న చెలక రైతు. లోపల భార్య తిరుపతమ్మ ఉంది. సోమవారం ఆపరేషన్.

డేవిడ్ ఒక చుట్టు తిరిగొచ్చాడు. పొట్లం ఆయన పక్కన అట్లనే ఉంది.

"తినండి తాతా, చల్లారిపోతది."

"తింట తియ్ బిడ్డా. జరంత ఆగి."

"పొద్దున తిన్నరా?"

"లే." ముసలాయన నవ్వాడు. "నువ్వు తిన్నవా మరి?"

నలభై రోజుల సంగతి డేవిడ్ నోటిదాకా వచ్చింది. ముప్పై తొమ్మిది రోజులు గుర్తుకురాని, ఉపవాసం రహస్యంగా ఉండాలన్న ఆ బైబిల్ వాక్యం సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది.

"తినలే," అని ఊరుకున్నాడు.

"అయ్యో, పోయి తిను బిడ్డా."

భార్య మంచంలో ఉంటే మొగుడికి ఒక్కడికే ముద్ద దిగదు. అదీ సంగతి. డేవిడ్ ఇట్టే కనిపెట్టాడు. డిగ్రీ చదివినవాడు కదా.

అంతలో అతని కడుపు గుడగుడమంది. బెంచీ మొత్తానికి వినిపించింది.

ఇంకో ఐదు గంటలు ఆగితే నలభై పూర్తి. రేపు మైకు, చప్పట్లు. కానీ ఎదురుగా ఆకలితో ఒక ముసలాయన. డేవిడ్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"మీరు తింటెనే నేను తింట తాతా. లేకుంటే నేను గూడ తిన."

హన్మంతు అతని మొఖం వైపు చాలాసేపు చూశాడు. పీక్కుపోయిన దవడలు చూశాడు. కళ్లు మూసుకొని ఏదో గొణుక్కున్నాడు. తర్వాత పొట్లం దారం విప్పాడు.

"దా, కూసో. ఇద్దరం తిందం."

మొదటి ముద్ద పూర్తిగా సాయమే. రెండోది కూడా. సంచిలో మిగిలిన ఆఖరి పొట్లం విప్పినప్పుడు మాత్రం అది ఎవరికి సాయమో డేవిడ్ ఆలోచించదలుచుకోలేదు. ముసలాయన నాలుగు మెతుకులు నోట్లో వేసుకొని మిగతాదంతా ఇతని వైపే జరిపాడు.

చేయి కడుక్కొనేసరికి డేవిడ్‌కు దిగులు కూడా పోయింది. పోతే పోయింది నలభై. ఇప్పుడు ఇంకా పెద్ద సాక్ష్యం దొరికింది: సాటి మనిషి ఆకలి కోసం ఉపవాసాన్నే త్యాగం చేసినవాడి సాక్ష్యం. దానికి కూడా మొదటి మాట కుదిరింది.

ఆదివారం సంఘమంతా ప్రార్థన చేసేందుకు రోగుల పేర్లు రాసుకుపోవడం అలవాటు. డేవిడ్ నోటుబుక్కు తీశాడు.

"అవ్వ గురించి ఏం రాయమంటరు తాతా?"

"రాయి బిడ్డా," అన్నాడు హన్మంతు. "మా తిరుపతమ్మ బతకాలని ఆంజనేయస్వామికి మొక్కిన పదకొండు శనివారాల ఒక్కపొద్దుల్ల ఆఖరిది, ఆకలితోటున్న పిల్లగాడొకడు తోడు లేకుంటె తింటలేడని ఇయ్యాల నడిమధ్యానమే ఇడిచిన, ఇగ మీరన్న మీ దేవుని దగ్గర ఆమెను జర యాదుంచుకోండ్రి."