మాస్టారి మీసం

"మొత్తం తీసెయ్యమంటారా?" మంగలి కత్తి గాలిలో ఆపి మళ్ళీ అడిగాడు. "ఇంట్లో చెప్పే వచ్చారా?"

చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు. చర్చిలో పాటలు పాడించే క్వయర్ మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకుని తలూపాడు. కాలేజీ రోజుల నుంచి ముద్దుగా పెంచుకున్న గుబురు మీసం కాస్తా ఒళ్ళో రాలిపడింది. కళ్ళు తెరిస్తే అద్దంలో ఎవరో అమాయకుడు కనిపించాడు. అంత అమాయకుడేం కాదని మాస్టారికి తెలుసు.

ఆ మీసానికీ ఆర్గానమ్మగారికీ పాత తగాదా. చర్చిలో ఆర్గాను వాయించే ఆమెను అందరూ పిలిచేది ఆ పేరుతోనే. మాస్టారికి స్వరాలు దిద్దించింది ఆమే. ప్రార్థన, ఆర్గాను తప్ప ఆమెకు మూడో ధ్యాస లేదు. భర్త పోయిన ఏడాది కూడా ఒక్క ఆదివారం మానలేదు. అలాంటి మనిషికి ఏదో మాయదారి జబ్బు చేసి, తలలో హోరు మొదలై, చెవులు రెండూ మెల్లమెల్లగా మూసుకుపోయాయి. అప్పట్నుంచీ ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటోంది. మాస్టారి పెదాలేమో మీసం చాటున దాక్కునేవి.

"నీ మీసం ప్రభువు నాకు పెట్టిన రెండో పరీక్ష నాయనా" అనేది.

మొదటి పరీక్ష గురించి ఎవరైనా జాలిపడబోతే మాత్రం పడనిచ్చేది కాదు. "ఎందుకిలా చేశావని ఆయన్ని అడగను. అడిగితే జవాబు చెబుతాడు. వినడానికి నాకు చెవులేవి?"

ఒక ఆదివారం మాత్రం ఆ హాస్యం పనిచెయ్యలేదు. పాట అయిపోయి అందరూ కూర్చున్నా, పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టినా, ఆమె తల వంచుకుని వాయిస్తూనే ఉంది. అయ్యగారు గొంతు పెంచారు. ఆర్గాను తగ్గలేదు. ప్రార్థన కాస్తా పోట్లాటలా తయారైంది. వెనక వరసలో పిల్లలు పకపకా నవ్వారు. తలెత్తి వాళ్ళ ముఖాలు చూశాక గానీ ఆమెకు సంగతి అర్థం కాలేదు. ఆ రోజు ఎవరికీ వందనాలు చెప్పకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. మాస్టారికి ప్రాణం ఉసూరుమంది.

ఆమెను ఇక మానిపించమన్నారు సంఘ పెద్దలు. తన గురువుగారు కాబట్టి మాస్టారైతే మెత్తగా చెబుతాడట. పిల్లి మెడలో గంట కట్టే పని ఎప్పుడూ మెత్తని వాడికే పడుతుంది. మాస్టారికి నోరు రాలేదు. మైకులు చూసే ఎలక్ట్రీషియన్‌తో కలిసి దొడ్డిదారి వెతికాడు.

ఆ ఆర్గానుకి సొంత గొంతు లేదు, గోడల మీది స్పీకర్లలోంచి పలకాల్సిందే. మరుసటి ఆదివారం మొదటి పాట ఎత్తుకునే వేళకి ఎలక్ట్రీషియన్ ఆర్గాను వైరు చల్లగా పీకేసి, ఒకప్పుడు పిల్లల సాధన కోసం ఆమే వాయించి రికార్డు చేయించిన పాటల్లోంచి అదే పాట పెట్టాడు. "టప్‌మని చిన్న చప్పుడైనా రాలేదు, చూశారా నా పనితనం" అని మురిసిపోయాడు.

ఆమె ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది. ఆర్గాను మూలన, స్విచ్ వేస్తే వెలిగే చిన్న దీపం మీద మడతపెట్టిన చేతిరుమాలు వేసింది. పాడేవాళ్ళ నోళ్ళు చూస్తూ వేళ్ళు కదిపింది. రుమాలు కొత్త అలవాటు. పెద్దవయసు, వెలుతురు కళ్ళకు గుచ్చుకుంటోందేమో అనుకున్నాడు మాస్టారు.

వెళ్ళేటప్పుడు ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "మీరంతా నన్నింత ప్రేమగా భరిస్తున్నారు నాయనా. నాకిది చాలు."

ప్రతి ఆదివారం అదే మాట. ఆ అణకువ చూసి మాస్టారు సిగ్గుతో చచ్చిపోయేవాడు.

సంగతి అంతటితో ఆగినా బాగుండేది. చెవులు లేని పెద్దావిడ ఒక్క తప్పు లేకుండా వాయిస్తోందన్న మాట పక్క చర్చిల దాకా పాకింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నోట మాట రాక ఆమె చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకునేవారు. వాళ్ళకేం కష్టమొచ్చిందో పాపం అని ఆమే వాళ్ళను ఓదార్చి పంపేది.

చివరికి మాట బిషప్పుగారి చెవిన పడింది. వచ్చే ఆదివారం ఆయన వస్తారట. అప్పటికప్పుడు ఓ పాట పేరు చెబుతారట. ఆమె ఒక్కతే వాయించాలట. ఈ కబురు ఆమెకు చేరవెయ్యమని అయ్యగారు మాస్టారికి అప్పజెప్పారు. నిండు సభలో ఆమె తలవంచుకోవాలి, అదీ తన మూలంగా. ఇక నిజం చెప్పక తప్పదు. రెండోసారి చెప్పే ధైర్యం తనకు లేదు కాబట్టి, మొదటిసారే ప్రతి మాటా ఆమెకు కనబడాలి. అందుకే మంగలి షాపు.

తలుపు తీసిన ఆర్గానమ్మగారు అతన్ని ఎగాదిగా చూసింది. "ప్రభువా, ఒక పరీక్ష తగ్గించావా" అంటూ లోపలికి పిలిచింది.

మాస్టారు కుర్చీ అంచున కూర్చుని, వైరు దగ్గర్నుంచి బిషప్పుగారి దాకా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె చూపు అతని పెదాల మీంచి కదల్లేదు.

"అయితే పాటలకి సంగీతం వినబడుతోందా?" అంది.

"వినబడుతోందండీ. మీదే. పాతది."

"ఇన్నాళ్ళూనా?"

"ఇన్నాళ్ళూ."

ఆమె కళ్ళు నిండాయి. మాస్టారు కుర్చీలోంచి లేచాడు. "బిషప్పుగారికి నేనే చెప్పేస్తానమ్మా. తప్పంతా నాది. మిమ్మల్ని మోసం చేశాను."

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. చూస్తే నవ్వుతోంది, ఆపుకోలేక నవ్వుతోంది. ఆ చేతిరుమాలుతోనే కళ్ళు తుడుచుకుంది.

"సగం తప్పు నాది నాయనా" అంది. "పిల్లలు నవ్విన ఆ ఆదివారం నుంచే నేను స్విచ్ వెయ్యడం మానేశాను."