రెండో ఫారం

పోస్టాఫీసు మెట్లెక్కుతూ కోడలు మూడోసారి వెనక్కి తిరిగి చూసింది. వీధిలో తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. అయినా అడుగుల వేగం తగ్గించలేదు.

పాత ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతలే. ఆ ఛాయలకు రావడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. కానీ కొత్త ఇంటి దగ్గర పోస్టాఫీసులో చిరునామా మార్చమని అడిగితే, "ఉత్తరాలు ఎక్కడికి వస్తున్నాయో అక్కడే చెప్పుకోవాలమ్మా" అని చేతులు దులుపుకున్నారు. రాక తప్పలేదు.

రక్తపరీక్షల లాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ ఉత్తర్వు ఈ వారంలోనే రిజిస్టర్డు పోస్టులో వస్తుంది. అది గానీ పాత ఇంటికి వెళ్లిందా, అంతే సంగతులు. మొగుడు కవరు చింపుతాడు. రోజూ పొద్దున ఆమె ఏ గేటు ముందు దొరుకుతుందో తెలుసుకుంటాడు.

"ఎవరో తరుముతున్నట్టు ఆ పరుగేంటే అమ్మాయ్!" వెనక నుంచి అత్తగారు అంది.

ఆవిడ మాత్రం తీరిగ్గా వచ్చింది. కుడిచేతి పిండికట్టును రొమ్ముకు ఆనించుకుని, గోడ మీది స్టాంపుల బొమ్మలు చూస్తూ నిలబడింది. ఆ నింపాది చూస్తుంటే కోడలికి ఒళ్లు మండింది.

ఆ చెయ్యి విరగ్గొట్టింది ఆవిడ కొడుకే. పెళ్లాం మీదికి బెల్టు ఎత్తిన రోజు, ఆవిడ అడ్డం వెళ్లింది. తీరా ఆసుపత్రికి పోలీసులు వచ్చి అడిగితే, "మెట్ల మీద జారిపడ్డాను బాబూ, మావాడు బంగారం" అంది. ఆ ఒక్క మాటతో కోడలి ఫిర్యాదు గాలికి కొట్టుకుపోయింది.

పన్నెండు రోజుల కిందట కూతుర్ని తీసుకుని ఇల్లు దాటుతుంటే, ఇదే అత్తగారు చేతిసంచీతో గుమ్మంలో నిలబడింది. "నేనూ వస్తా" అంది. కాదనడానికి కోడలికి నోరు రాలేదు. నమ్మడానికి మనసూ రాలేదు.

మొన్న మందులకని వెళ్లిన మనిషి మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చింది. సంచీలో ఒక్క మాత్ర లేదు. నిన్నా అదే తంతు. "ఎక్కడికెళ్లారత్తయ్యా?" అంటే, "కాళ్లు పట్టేస్తుంటే కాస్త తిరిగొచ్చా" అని మొహం తిప్పుకుంది. కళ్లు మాత్రం ఉబ్బి ఉన్నాయి. ఇందాక బస్సులో అయితే మరీను. "వాడికొచ్చే ఉత్తరాల సంగతేంటో" అంటూ నిట్టూర్చింది.

కిటికీ వెనక గుమస్తా కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చున్నాడు. "ఇల్లు మారడం తేలికేనమ్మా. మారామని బ్యాంకుకి, బడికి, గ్యాసువాడికి, మాకూ చెప్పుకునేసరికి మళ్లీ ఖాళీ చేసే రోజొస్తుంది" అని తన జోకుకు తనే నవ్వి, ఫారం ఇచ్చాడు.

ఆమె నవ్వలేదు. తన పేరు, కూతురి పేరు, అత్తగారి పేరు రాసింది. కొత్త చిరునామా చీమల బారులా చిన్నగా రాసింది.

"ఇది ఎవరైనా వచ్చి అడిగితే చెబుతారా?"

"మా పోస్టుమాన్‌కి తప్ప ఇంకెవరికీ చెప్పం."

"నాయనా, నాకూ ఒక ఫారం ఇవ్వు" అంది అత్తగారు, భుజం పక్క నుంచి ఎడమచెయ్యి చాపి.

"మీ పేరు ఇందులో రాశానుగా అత్తయ్యా?"

"చూశాను."

ఆవిడ ఫారం పట్టుకుని మూల బల్ల దగ్గరికి వెళ్లి, ఎడమచేత్తో ఒక్కో అక్షరం చెక్కినట్టు రాయడం మొదలుపెట్టింది. గుమస్తా కోడలి గుర్తింపు కార్డు తీసుకుని, అందులో ఫొటో, ఎదురుగా ఉన్న మనిషీ ఒకరేనా అని చూస్తున్నాడు. కోడలు కదల్లేకపోయింది. తలుపు కిర్రుమంది. పొడుగాటి మనిషెవరో లోపలికొచ్చాడు. ఆమె చప్పున తిరిగి చూసింది. కాదు, అతను కాదు.

కార్డు చేతికి రాగానే బల్ల దగ్గరికి ఒక్క అంగలో వెళ్లింది. ఫారం మొదటి వరసలో తన మొగుడి పేరు కనబడింది, ఇంటిపేరుతో సహా.

"అత్తయ్యా!" ఆమె కాగితం మీద వేలు పెట్టింది. "అతని ఉత్తరాలు మనింటికి తెప్పిస్తారా? ఒక్క కవరొస్తే చాలు, దాని వెనకాలే అతనూ వస్తాడు!"

"నన్ను రాయనీ."

"ఆ కాగితం ఇలా ఇవ్వండి."

"ఇవ్వను." ఆవిడ పిండికట్టు అడ్డం పెట్టి ఫారాన్ని మూసేసింది. "వాడు నా కొడుకు. వాడి సంగతి నేను కాక ఇంకెవరు చూస్తారు?"

"మమ్మల్ని పట్టివ్వడానికేనా మా వెంట వచ్చింది?"

వరసలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. అత్తగారు కోడల్ని తోసుకుంటూ వెళ్లి కాగితాన్ని కిటికీలోకి నెట్టింది.

గుమస్తా పేరు మాత్రం చూసి తల అడ్డంగా ఊపాడు. "సంతకం ఆయనే పెట్టాలి పెద్దమ్మా. రమ్మనండి."

"వాడు రాలేడు నాయనా. ముందు నువ్వు మొత్తం చదువు."

కోడలు కిటికీలోకి చెయ్యి పోనిచ్చింది. అప్పటికే ఆలస్యమైంది.

గుమస్తా కాగితాన్ని వెనక్కి లాక్కుని, కళ్లజోడు పైకి తోసుకుని, ఆ వంకర అక్షరాలను కూడబలుక్కుంటూ పైకి చదివాడు: "కొత్త చిరునామా, జిల్లా జైలు, ఎప్పటి నుంచి, నిన్నటి నుంచి, మారడానికి కారణం, కన్నతల్లి ఫిర్యాదు."