అరగంట ముందు

కంపెనీ బస్సు ఆ రోజు అరగంట ముందే వచ్చేసింది.

జయంత్ మేడ మెట్లెక్కేసరికి అతని గది తలుపు బార్లా తీసి ఉంది.

లోపల సింథసైజర్ ముందు, వెనక వాటాలో అద్దెకుండే గవర్రాజు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. మిషను లైట్లు వెలుగుతున్నాయి.

జయంత్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఏటి తాతా ఇది? తాళం ఎవలిచ్చారు? ఆన్ కూడా సేసీసావా!"

"ఏటీ నేదు బాబూ. ఊరికే..."

"ఊరికే సూడ్డానికి ఇదేవన్నా ఎగ్జిబిషనా? ఒక్క నాబ్ కదిలితే నా సౌండంతా పోతాది, తెల్సా?"

"నాబులు ముట్టుకోనేదు బాబూ" అని ముసలాయన మెల్లగా మెట్లు దిగిపోయాడు.

జయంత్ కోపానికీ కారణం ఉంది. అది పాతకాలపు అనలాగ్ మిషను. ఒంటి నిండా నాబ్‌లే గానీ, ఒక్క సౌండూ గుర్తుపెట్టుకునే జ్ఞాపకం దానికి లేదు. అందుకే ప్రతి నాబ్ పక్కనా సుద్దముక్కతో గీత పెట్టుకున్నాడు. పక్కనే సీక్వెన్సర్. పదహారు స్వరాలు ఒకసారి పేర్చి ఇస్తే ఆపమనేదాకా వాటినే తిప్పి తిప్పి వాయిస్తుంది. ఆదివారాలు అనకాపల్లిలో అమ్మ దగ్గర గడిపినా, మిగతా అన్ని సాయంత్రాలూ ఆరింటికి దాని ముందు కూర్చుంటే చాలు, అతనికి కడుపు నిండిపోయేది.

కొన్న కొత్తలో దానికో రోగం ఉండేది. మొదటి అరగంట శ్రుతి నిలిచేది కాదు. ద్వారకా నగర్ మెకానిక్ దేవీప్రసాద్ ఒకసారి విప్పి బిగించాడు. కొద్ది రోజులకే రోగం కుదిరింది. మూడు నెలలుగా ఆన్ చేసిన క్షణం నుంచే శ్రుతిలో పలుకుతోంది.

"మావోడి సెయ్యి పడితే అంతే" అని జయంత్ కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

మర్నాడు అతను డ్యూటీలో ఉండగానే గవర్రాజు సామాను ఎక్కించుకుని, కూర్మన్నపాలెంలో కట్టుకున్న కొత్తింటికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే చంద్రిక వచ్చింది. ఆమె ఒక చిన్న సినిమా తీస్తోంది.

కథ జయంత్ చెప్పిందే. అతను పనిచేసే స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే పొయ్యిలున్నాయి. ఒకసారి వెలిగించాక ఏళ్ల తరబడి చల్లారకూడదు. చల్లారితే ఇటుకలు పగిలిపోతాయి. పెద్ద తుపానుకి కరెంటు పోయినప్పుడు, ఒక ఆపరేటర్ ఐదు రోజులు ఇంటికి వెళ్లకుండా వాటిని కనిపెట్టుకుని ఉన్నాడట. అక్కడ కొత్తగా చేరిన ప్రతివాడూ ఈ కథ వింటాడు. పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఆ మనిషి మీద జయంత్ కట్టిన ట్యూను పేరు 'ఐదు రోజులు'.

"ఎనిమిదింటికి నా రైలు. వింటాను, నచ్చితే ఇప్పుడే రికార్డు చేసుకుని వెళ్తాను. లేదంటే హైదరాబాదులో ఇంకొకరున్నారు" అంది చంద్రిక.

జయంత్ ట్యూను ఒకటి సినిమాకెక్కబోవడం అదే మొదటిసారి. అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని స్విచ్ వేశాడు.

మిషను ఏడ్చింది.

పదహారు స్వరాలూ పదహారు దారుల్లో పోతున్నాయి. జయంత్ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. సరిచేసిన స్వరం సరిచేస్తుండగానే జారిపోతోంది.

చంద్రిక వాచీ చూసుకుంది.

"నిన్న ఆ ముసలాయన ముట్టుకున్నాడండీ, పాడుచేసి పోయాడు" అంటూనే జయంత్ కిందికి పరుగెత్తాడు.

ఇల్లుగలావిడ పద్మావతి టీ పెడుతోంది.

"ఆంటీ, ఆ తాతకి నా గది తాళం ఎవలిచ్చారు?"

"నానే ఇచ్చాను. ఏం?"

"నా మిషను పాడుసేసాడు!"

"పాడా? నువ్వు బస్సు దిగొచ్చి అదెయ్యగానే అరగంటసేపు మా బుర్రలు తినేసేది. అది సల్లగా ఉండి ఏడుత్తంది, యేడెక్కితే సక్కగా పాడతాదని ఆ తాతే కనిపెట్టాడు. మూడు నెల్లు, రోజూ ఐదున్నరకి ఆన్ సేసి, నీ బస్సు హారన్ ఇనగానే ఆపేసి వచ్చీవోడు. నిన్న ఆ హారనే ఇనబడనేదు."

"మరి నాకు సెప్పనేదేటి?"

"ఓపాలి దుమ్ము తుడిసినందుకు మూడ్రోజులు నాతో మాటాడ్డం మానీసావ్. నీకేటి సెప్తాం?"

జయంత్‌కి నిన్న తను అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

పైకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఒక్క అరగంట ఆగండి. ఈలోపు టీ తాగుదాం."

పద్మావతి టీతో పాటు పకోడీ కూడా తెచ్చింది. కంచరపాలెం మీదుగా రెండు రైళ్లు కూతపెట్టుకుంటూ పోయాయి. మిషనుని ఎవరూ ముట్టుకోలేదు.

ఏడింటికి జయంత్ మళ్లీ సీక్వెన్సర్ మీట నొక్కాడు.

పదహారు స్వరాలూ ఒక్క తాటి మీద నడిచాయి. తిరిగి తిరిగి వస్తున్నాయి, ఎక్కడా తగ్గడం లేదు. గదంతా వెచ్చబడినట్టయింది.

చంద్రిక కళ్లు తుడుచుకుని, "ఇదే నాకు కావాలి" అంది. "ఆ ఆపరేటర్ పేరు తెలిస్తే మొదటి టైటిల్ ఆయనకే వేద్దును."

జయంత్ సంతోషం పట్టలేకపోయాడు. గ్లాసులు తీస్తున్న పద్మావతిని అడిగాడు.

"అయినా ఆంటీ, ఈ సల్లారడం, యేడెక్కడం ఆ తాతకెలా తెల్సు? ఏం పని సేసీవోడు?"

"నీకు తెల్దేటి బాబూ? మీ పొయ్యిల కాడే సేసీవోడు. తుపానుకి ఇంటి రేకులెగిరిపోతే ఐదు రోజులు ఇటేపే రానేదని, ఆళ్లావిడ ఇప్పటికీ దెప్పుతాది."